బొడ్డు ఎండేదాకా

మా వీధి మలుపులో ఇస్త్రీ బండి ఉంది. పొద్దున్నే బొగ్గులు రాజేసి, బట్టల మీద సీసాతో నీళ్ళు చిమ్ముతాడు ఆ బండి ఆయన. చుస్, చుస్‌మన్న ఆ చప్పుడు నా వరండాలోకి వినిపిస్తుంది. వినగానే నా కుడిచేతి చూపుడువేలు దానంతటదే వంగుతుంది. చేతిలో కాఫీ గ్లాసు ఉన్నా సరే, పేపరు ఉన్నా సరే, సీసా మీట నొక్కుతున్నట్టు ఆ వేలు వంగి తీరుతుంది. నాకు డెబ్బై ఎనిమిదేళ్ళు. ఈ అలవాటు ఐదేళ్ళ కిందట పట్టింది. పట్టించిన కామాక్షి ఇప్పుడు లేదు. ఆమె గురించి ప్రొద్దుటూరులో రకరకాలుగా చెప్పుకుంటారు. పాములు ముప్పై అంటారు, నలభై అంటారు. ఆరు పాముపిల్లలను ఆమే చంపిందని కూడా ఒకాయన నాతోనే అన్నాడు. నేను ఆమె ఇంటి వెనక వాటాలోనే ఉంటున్నదాన్ని. చూసినది చూసినట్టు రాసిపెట్టడం మంచిదనిపించింది.

జమ్మలమడుగులో ముప్పై ఒక్క ఏళ్ళు ఆడపిల్లలకు లెక్కలు చెప్పి, ఉద్యోగం విరమించాక కొంతకాలం అక్కడే ఉండి, మోకాళ్ళ వైద్యానికి దగ్గరని ప్రొద్దుటూరు చేరాను. అద్దెకు దొరికింది శ్రీరాములు శెట్టిగారి ఇంటి వెనక వాటా. ఆయన బట్టల దుకాణం తమ్ముడికి అప్పగించి ఇంటిపట్టున ఉండేవాడు. కామాక్షి ఆయన భార్య. ఇద్దరికీ పిల్లలు లేరు. రెండు వాటాలకూ కలిపి ఒకటే వాకిలి, నల్లటి నాపరాళ్ళు పరిచింది. నేను చేరిన మూడో రోజు పొద్దున చెంబుతో బయటికొచ్చి, అడుగు వేయబోయి ఆగిపోయాను. నా తొడంత లావు పాము, ముదురు గోధుమ రంగు మచ్చలతో, ఏడడుగుల పొడవున ఆ నాపరాళ్ళ మీద చాచుకొని ఉంది. దాని పక్కనే కామాక్షి ముక్కాలి పీట మీద కూర్చొని కరివేపాకు దూస్తోంది. చెంబు జారి నీళ్ళన్నీ ఒలికాయి. ఆ నీళ్ళు తన వైపు పారితే పాము నెమ్మదిగా తల తిప్పుకుంది. కామాక్షి తలెత్తి చూసింది.

"భయపడొద్దక్కా. ఎండకు పండుకొనుంది. పేరు గౌరి" అంది.

అది కొండచిలువ కాదట. బోవా అంటారు, మన దేశపు జాతి కాదు, విషం లేదు. మన అడవిపాములను ఇంట్లో పెట్టుకుంటే నేరం. దీన్ని మాత్రం ప్రభుత్వంలో నమోదు చేయించి, బెంగళూరు నుంచి జతగా తెచ్చుకున్నాడు శ్రీరాములుగారు. దుకాణంలో చీరలు పెట్టే పాత అద్దాల బీరువాలు ఇంటికి తెప్పించి, ముందుగదిలో వరసగా నిలబెట్టి, వాటిలో గౌరినీ దాని జోడునూ ఉంచాడు. అద్దం మీద దుకాణం పేరు ఇంకా చెరిగిపోలేదు. ఆ పేరు వెనక పాము చుట్టచుట్టుకొని ఉండేది. నేను ఆ రోజే ఇల్లు ఖాళీ చేద్దామనుకున్నాను. అడ్వాన్సు కట్టేసి ఉండటంతో ఒక నెల ఆగుదామనుకున్నాను. ఆ నెల ఆరేళ్ళు దాటింది.

వాళ్ళది మాంసం ముట్టని ఇల్లు. కోడిగుడ్డు కూడా గడప దాటి రాదు. ఒక ఎండాకాలం మోకాలికి పెట్టుకోవడానికి మంచుగడ్డలు అడిగితే, ముందుగదిలోని ఫ్రీజరులో ఉన్నాయి తీసుకోమంది కామాక్షి. నేను తీసిన డబ్బాలో తెల్లటి ఎలుకలు వరసగా, తోకలు ఒకే వైపుకు పెట్టి, రాళ్ళలా గడ్డకట్టి ఉన్నాయి. వంటింట్లోంచే ఆమె గొంతు వినిపించింది. "ఆ డబ్బా గాదక్కా, పైది. అది గౌరి కూడు."

తరువాత అడిగాను, చేతులెలా వస్తాయని. పట్టకారుతో పెడతానని, పెట్టిన రోజు తలస్నానం చేసి మళ్ళీ దీపం వెలిగిస్తానని చెప్పింది. తినేది తను కాదు కదా, తినేదానికి పెడుతోంది, అంతే అంది. ఆ మాటలో వాదన లేదు. మంచిదనీ చెడ్డదనీ తేల్చకుండా ఎదురుగా ఉన్న ప్రాణికి కావలసింది చేసే మనిషి ఎలా ఉంటుందో నేను చూడటం అదే మొదలు.

శ్రీరాములుగారి కోరిక ఒకటే. గౌరి ఈనాలి. బోవా గుడ్లు పెట్టదు, పిల్లలనే కంటుంది. రెండు చలికాలాలు జత కలిపినా ఫలితం రాలేదు. మూడో చలికాలంలో కలిసింది. మార్చి నెలలో గౌరి నడుము నిండుగా కనిపించింది. ఆయన బీరువా ముందు కుర్చీ వేసుకొని దాన్నే చూస్తూ మురిసిపోయేవాడు. ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం ఆ కుర్చీలోనే గుండె ఆగి పోయాడు.

పదకొండో రోజు భోజనాలయ్యాక పెద్దలు కూర్చున్నారు. శ్రీరాములుగారి తమ్ముడు మర్యాదగానే మాట్లాడాడు. ఇంట్లో పాములు చేరాకే ఇలా జరిగిందని ఊరంతా అంటున్నారు, పెంచుకునేవాళ్ళు బెంగళూరులో ఉన్నారు, పంపించేద్దాం అన్నాడు. అందరూ కామాక్షి వైపు చూశారు. ఆమె గోడకు ఆనుకొని కూర్చొని ఉంది.

"గౌరికి నెల తప్పింది మరిదీ. పురుడు కానీ, మాట్లాడదాం" అంది.

పెద్దాయన ఒకరికి మంచినీళ్ళు గొంతులో అడ్డం పడ్డాయి. భర్త పోయిన పదకొండో రోజున పాము కడుపు గురించి మాట్లాడిన ఆడదాన్ని నేను అంతకు ముందు చూడలేదు. మతి చెదిరిందేమో అనుకున్నాను. అందరూ వెళ్ళాక నాతో మాత్రం ఇంకొక్క మాట అంది. ఆయన చూడాలనుకున్నవి ఆ పిల్లలేనట. అవి ప్రాణాలతో బయటపడేదాకా తనకు వేరే పని లేదట.

ఆ మాట నిలబెట్టుకుంది. గౌరి కూడు మానేసింది. వెచ్చగా ఉండే మూలకే పోయి పడుకునేది. ప్రొద్దుటూరు ఎండల్లో వెచ్చదనానికి లోటు లేదు, చల్లదనానికే కష్టం. కూలరు పెట్టి, గోనెపట్టాలు తడిపి కిటికీలకు వేలాడదీసి, గదిని కాపాడింది. జులై ఆఖరులో, శ్రావణం మొదలైన రోజుల్లో, ఒక మధ్యాహ్నం గోడ మీద తట్టి పిలిచింది. వెళ్ళేసరికి బీరువాలో తడితడిగా గుట్టలు. ఒక్కో పిల్ల పలుచటి తెల్లని పొరలో చుట్టచుట్టుకొని ఉంది. కొన్ని పొర చించుకొని తలలు బయటపెట్టాయి. పిల్ల కాకుండా పోయిన పసుపు ముద్దలు మధ్యమధ్య పడి ఉన్నాయి. ఒక పొర మాత్రం కదలడం లేదు. మొత్తం చించెయ్యమన్నాను, ఊపిరాడక చచ్చిపోతుందన్నాను. కామాక్షి చాలాసేపు చూసి, చిటికెనవేలి గోటితో మూతి దగ్గర మాత్రం చిన్న గాటు పెట్టి చెయ్యి వెనక్కు తీసుకుంది.

"మూతికి దారి ఇస్తిమి గదా. మిగిలింది దాని పని" అంది.

పొర వణికింది. ఆ గాటులోంచి అగ్గిపుల్ల తలంత ముక్కు బయటికి వచ్చింది.

పంతొమ్మిది పుట్టాయి. పన్నెండు నిక్షేపంగా ఉన్నాయి. ఏడింటికి మాత్రం బొడ్డు దగ్గర పచ్చసొన ఇంకా వేలాడుతోంది. మామూలుగా పుట్టే వేళకే ఆ సొన పిల్ల కడుపులోకి ఇంకిపోతుంది. వీటికి ఇంకలేదు. లాగకూడదు, కొయ్యకూడదు, ఎండిపోనివ్వకూడదు. మెత్తటి తడిగుడ్డ మీద ఉంచి, గాలిలో తడి తగ్గకుండా సీసాతో నీటి తుంపర కొడుతూ ఉంటే, సొన ఇంకినంత ఇంకి, బొడ్డు దానంతటదే ఎండి రాలుతుంది. వేడి పెరగకూడదు, తగ్గకూడదు. ఆ ఏడింటినీ వేరే తొట్టిలో పెట్టింది కామాక్షి.

ఇక్కడ పద్మావతి గురించి చెప్పాలి. శ్రీరాములుగారి తమ్ముడి భార్య ఆమె, కామాక్షికి తోడికోడలు. పక్క వీధిలో ఉండేది. పుట్టిల్లు పులివెందుల. పెళ్ళయి పదహారేళ్ళయినా కడుపు పండలేదు. సర్పదోషమని ఎవరో చెబితే, మా వైపు శ్రావణంలోనే వచ్చే నాగుల చవితికి ఏటా ఉపవాసం ఉండి, ఊరి బయట పుట్టలో పాలు పోసి వచ్చేది. అంతేకాదు, చుట్టాల ఇళ్ళలో ఎవరు ప్రసవించినా చేతిసాయానికి ఆమెనే పిలిచేవారు. పసిబిడ్డకు నీళ్ళు పోయడం, బొడ్డుకు ఆముదం పసుపు పెట్టడం ఆమె చేసినంత శుభ్రంగా ఎవరూ చేయరని పేరు.

పిల్లలు పుట్టిన మూడో రోజు నాగుల చవితి వచ్చింది. కామాక్షి రెండు రాత్రులు మేలుకొని, ఆ పొద్దున తలస్నానానికి వెళ్ళింది. తొట్టిలో పరచడానికి పాత నూలుచీర తేవడానికి నేను నా వాటాలోకి వెళ్ళాను. నేను చీర చించుకొని వచ్చేసరికి, తడిజుట్టుతో కామాక్షి కూడా అప్పుడే గది గుమ్మంలోకి వచ్చింది. లోపల దీపం వెలుగుతోంది. ఇత్తడి చెంబులో పాలు, ఆకులో చలిమిడి, నువ్వుల ఉండలు. ఈసారి పుట్టకు పోకుండా ఇక్కడికే వచ్చిన పద్మావతి నేల మీద కూర్చొని ఉంది. ఆమె ముందు పళ్ళెంలో ఆరు పిల్లలు, పసుపు పూసుకొని, పాలలో తడిసి ఉన్నాయి. పళ్ళెం పక్కన కొత్త బ్లేడు, పసుపు దారం. ఏడో పిల్ల ఆమె అరచేతిలో ఉంది.

ఆమె ముఖం వెలిగిపోతోంది. "వచ్చినావా అక్కా. పాపం, బొడ్లు ఎట్ల యాలాడతాండాయో చూడు. ఆరింటికి కోసి పసుపు పెట్టినా. ఇంగ పుండ్లు మానిపోతాయి. ఇదొక్కటే ఉండాది."

నా చేతిలోని గుడ్డలు కిందపడ్డాయి. కామాక్షి పెదవులు తెల్లబడ్డాయి.

"పద్మా, దాన్ని తడిగుడ్డ మీద పెట్టు. మెల్లగ" అంది.

పద్మావతి పెట్టింది. మా ఇద్దరి ముఖాలూ చూసింది. ఏంది, ఏమైంది అని అడిగింది. చెప్పినది నేనే. అది పుండు కాదని, అవి బతికేది ఆ సొన మీదేనని, కోస్తే బతకవని చెప్పాను. మెత్తగా చెప్పానని అనను. ఆమె తన చేతులను తిప్పి తిప్పి చూసుకుంది. దీపం, చెంబు అక్కడే వదిలి, చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళిపోయింది. సాయంత్రానికి పులివెందుల బస్సెక్కిందని తెలిసింది.

మరుసటి రోజు పొద్దుగుంకేలోగా ఆరూ పోయాయి. ఒక్కొక్కటిగా, ఏ చప్పుడూ లేకుండా, చుట్ట వదులై పోయాయి. కామాక్షి ఒక్కొక్కదానికీ పసుపు కడిగి, దుకాణంలో మిగిలిపోయిన గుడ్డముక్కల్లో చుట్టి, పెరట్లో కరివేపాకు చెట్టు పక్కన పూడ్చింది. కంట తడి పెట్టలేదు. నాకు మాత్రం కోపం ఆగలేదు. ఆ మనిషిని ఇక గడప తొక్కనీయవద్దని, గదికి తాళం వెయ్యమని చెప్పాను. నా బడిలో అదే పద్ధతి. పాడు చేసిన చేతికి మళ్ళీ వస్తువు ఇచ్చేది లేదు. ఆమె విన్నది. తాళం మాత్రం వెయ్యలేదు.

ఆ రాత్రి మరిది వచ్చాడు. తల దించుకొని గుమ్మంలోనే నిలబడ్డాడు. పద్మావతి సర్పహత్య చేశానని చీకటి గదిలో కూర్చుందని, పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టడం లేదని, వాళ్ళ అమ్మ ఫోన్ చేసి ఏడుస్తోందని చెప్పాడు. ఈ మాయదారి పాముల్ని ఇప్పటికైనా పంపెయ్ వదినా అన్నాడు.

కామాక్షి అడిగింది ఒక్కటే. "అన్నం తినల్యాదా?"

తెల్లారి ఏడో పిల్లకు తుంపర కొట్టి, తడిగుడ్డ మార్చి, తొట్టి మీద తడిగోనెపట్టా కప్పి, కారు పిలిపించింది. నన్ను కూడా రమ్మంది. ఆమె పులివెందులకు నిలదీయడానికి పోతోందని, సాక్షిగా నన్ను తీసుకుపోతోందని అనుకున్నాను. ముద్దనూరు దాటేసరికి ఏది ముందు చెప్పాలో, ఏది తరువాత చెప్పాలో మనసులో వరస కట్టుకున్నాను.

చీనీకాయల, అంటే బత్తాయిల, మండీ పక్క సందులో వాళ్ళ ఇల్లు. పద్మావతి తల్లి వాకిట్లోనే మాకు అడ్డం నిలబడింది. కామాక్షి ఆమెను తప్పించుకొని లోపలికి వెళ్ళింది. మూలన, మోకాళ్ళలో తల పెట్టుకొని పద్మావతి కూర్చొని ఉంది. చేతులు చీర కింద దాచుకుంది. కామాక్షి నేల మీద ఆమె పక్కనే కూర్చుంది. నేను గుమ్మంలో నిలబడి, ఇక మొదలవుతుందనుకున్నాను.

"ఏడోది బతికుంది. బొడ్డు ఇంకా ఎండల్యా" అంది కామాక్షి. "రేయింబగళ్ళు తడి చూడాల. నాకు కండ్లు మూతలు పడతాండాయి. నీళ్ళు తాగు. పోదాం పా."

పద్మావతి తలెత్తింది. ఆమె ఏం విన్నదో ఆమెకే అర్థం కానట్టుంది.

"ఈ చేతుల్తోనే గదక్కా చేసింది. మల్లా ముట్టుకోమంటాండావా?"

"నీకంటే భద్రంగా దాన్ని పట్టుకునేటోళ్ళు ఈ పొద్దు యాడుండారు?"

తల్లి గుమ్మంలోంచి అడ్డుపడింది. "అది గూడా సస్తే, మల్లా నా బిడ్డ నెత్తిన పడుతుందమ్మా."

"సస్తే ఇద్దరమూ కలిసి పూడుస్తాం" అంది కామాక్షి. ఆ మాట అంటూ పద్మావతి చేతులను చీర కిందనుంచి బయటికి తీసి తన ఒడిలో పెట్టుకుంది. గోళ్ళకు పసుపు ఇంకా పోలేదు.

నేను దారి పొడవునా వరస కట్టుకున్న మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు. పామును మొదటిసారి చూసిన రోజు కంటే, ఎలుకల డబ్బా తెరిచిన రోజు కంటే, అప్పుడు నాకు కలిగిన దిగ్భ్రమ పెద్దది. ఆరు ప్రాణాలు పోయాక, చనిపోయిన భర్త కోరికలో మూడో వంతు మట్టిలో కలిశాక, చేసిన మనిషి దగ్గరికి అరవై కిలోమీటర్లు పోయి సాయం అడుగుతున్న మనిషిని నేను చూస్తున్నాను. క్షమించానన్న మాట కూడా ఆమె అనలేదు. అని ఉంటే పద్మావతి లేచి వచ్చేది కాదని ఇప్పుడు నాకు తెలుస్తోంది.

తిరుగుదారిలో పద్మావతి కారులో మా ఇద్దరి మధ్య కూర్చుంది. ఇంటికి చేరాక కామాక్షి ఆమె చేతులు సబ్బుతో రెండుసార్లు కడిగించి, తొట్టి ముందు కూర్చోబెట్టి, సీసా చేతికిచ్చింది. పిల్ల మీద నేరుగా కొట్టకూడదు, తొట్టి గోడకు కొట్టాలి, తుంపర దానంతటది దిగాలి. మొదటిరోజు సగం నీళ్ళు పద్మావతి చీర మీదే పడ్డాయి. కామాక్షి ఆ గదిలోనే చాప వేసుకొని అటు తిరిగి పడుకుంది. నిజంగానే నిద్రపోయింది. అది చూసి పద్మావతి, నేను ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం.

రెండో రోజు నాకు కూడా వంతు వేసింది. "మధ్యాన్నం నీదక్కా. లెక్క తప్పకుండా కొడతావు గదా, నువ్వయితే నాకు దిగులు ల్యా" అని నవ్వింది. భర్త పోయాక ఆమె నవ్వడం నేను చూసింది అప్పుడే. అలా నా వేలికి ఆ అలవాటు పట్టింది. చుస్సున ఒక తుంపర, కాసేపు ఆగి మరొకటి. పిల్ల ఒక్కోసారి కదిలేది, ఒక్కోసారి కదిలేది కాదు. కదలని పూట అన్నం పళ్ళేలు పట్టుకొని ముగ్గురమూ తొట్టి ముందుకే వచ్చేవాళ్ళం. పేరు పెడదామని నేనంటే కామాక్షి ఒప్పుకోలేదు. బొడ్డు ఎండేదాకా పేరు లేదంది.

ఒక పొద్దున పద్మావతి నా వాటా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చేత్తో రమ్మని సైగ చేసింది. పోయిందేమో అనుకున్నాను. వెళ్ళి చూస్తే, తడిగుడ్డ మీద ఎండిన పూలదారం ముక్కలాంటిది పడి ఉంది. పిల్ల దానికి దూరంగా, తొట్టి మూలకు పాకి, తల ఎత్తి నాలుక ఆడిస్తోంది. కామాక్షి ఆ ముక్కను తీసి పద్మావతి అరచేతిలో పెట్టింది. ఏడోది కాబట్టి ఏడుకొండలు అని పేరు పెట్టింది పద్మావతి. తరువాత అది ఆడదని తేలింది. పేరు మాత్రం మార్చలేదు.

మిగిలిన పన్నెండింటినీ కాగితాలతో సహా బెంగళూరు, హైదరాబాదులో పెంచుకునేవాళ్ళకు ఇచ్చారు. ఏడుకొండలు ఇంట్లోనే ఉండిపోయింది. పాములను పంపెయ్యాలన్న మాట మరిది మళ్ళీ ఎత్తలేదు. పద్మావతికి పిల్లలు పుట్టలేదు. పుట్టి ఉంటే వినేవాళ్ళకు బాగుండేది, నేను జరిగినదే రాస్తున్నాను. రెండేళ్ళ కిందట మాఘంలో కామాక్షికి జ్వరం వచ్చి, అది ఊపిరితిత్తులకు పాకి, నాలుగు రోజుల్లో పోయింది. అప్పటికే పద్మావతీ ఆమె భర్తా ఆ ఇంట్లోకి వచ్చి ఉన్నారు. బీరువాల తాళాలు ఎవరికివ్వాలని ఎవరూ అడగలేదు. తాళాలే లేవు.

ఈ శ్రావణంలో ఏడుకొండలు ఈనింది. పద్నాలుగు పిల్లలు, రెండింటికి సొన ఇంకలేదు. పద్మావతి నన్ను పిలిచి సీసా చేతికిచ్చింది. ఇప్పుడు నా చేతులు వణుకుతాయి. డాక్టరు మందులిచ్చాడు, వణుకు పోలేదు. రెండో తుంపర కొడుతుండగా సీసా జారి తొట్టిలో పడింది. పిల్లకు వెంట్రుకవాసి పక్కన పడింది. పిల్ల ముడుచుకుపోయి కదలడం మానేసింది. వెనక్కు నడిచి గుమ్మం పట్టుకొని నిలబడ్డాను. ఇక ఈ పని నాకు వద్దు పద్మా, ఈ చేతులు దీనికి పనికిరావు అన్నాను.

పద్మావతి వంగి పిల్లనే చూస్తూ ఉండిపోయింది. చాలాసేపటికి అది నాలుక ఒకసారి బయటికి పెట్టి లోపలికి తీసుకుంది. ఆమె సీసాను తీసి కొంగుతో తుడిచి, లేచి, గుమ్మం దాకా వచ్చింది. నా కుడిచెయ్యి తెరిచి అందులో సీసా పెట్టి, నా వేళ్ళు ఒక్కొక్కటే దాని చుట్టూ మూసింది. చూపుడువేలిని మాత్రం మీట మీద ఉంచింది.

"కొట్టు టీచరమ్మా" అంది. "తడి ఆరిపోతాంది."